బుట్టలో దిగిన టీ

లాండ్రీ అత్తయ్య జీవితం మొత్తానికి నేర్చుకున్న సూత్రం ఒక్కటే. మురికి వచ్చే గుమ్మం వేరు, శుభ్రం వెళ్ళే గుమ్మం వేరు. ఆ రెండూ కలిస్తే కొంప మునిగినట్టే.

పెద్దాసుపత్రి లాండ్రీలో ఆమె చేరింది పెళ్ళయిన కొత్తలో, బయటికి వచ్చింది జుట్టు నెరిశాక. మధ్యలో గడిచిందంతా దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గది గౌన్లు. రోగుల మంచాల మీది నుంచి తీసినవాటిని మూటలు కట్టి వెనక గుమ్మంలోంచి తెచ్చి పడేసేవారు. అవి పెద్ద మిషన్లలో ఉడికి, ఆరి, ఇస్త్రీ అయి ముందు గుమ్మంలోంచి వార్డులకు వెళ్ళేవి. మధ్యలో నేల మీద ఎర్ర గీత. వెనక వైపు పని చేసినవాళ్ళు చేతులు కడుక్కుని బట్టలు మార్చుకుంటే తప్ప ఆ గీత దాటకూడదు. ఒకసారి సూపర్‌వైజరు తన కూతురు పరీక్ష పాసయిందని మిఠాయి డబ్బా పట్టుకుని అటు నుంచి ఇటు రాబోతే అత్తయ్య చీపురు అడ్డం పెట్టింది. మిఠాయి తినాలనుకున్నవాళ్ళు అవతలికెళ్ళి తిన్నారు. అత్తయ్య తినలేదు. ఆమె పట్టుదల అలాంటిది. ఇంట్లోవాళ్ళు దానికి వేరే పేర్లు పెట్టారనుకోండి, అవి ఇప్పుడెందుకు.

వైరస్ ఊరి మీద పడి జనం తలుపులు బిగించుకున్నప్పుడు వీధంతా బెంబేలెత్తిపోయింది. అత్తయ్యకూ భయమే. టీవీలో వార్తలు మొదలైతే చాలు, అరచేతులు చల్లబడిపోయేవి. కానీ తక్కినవాళ్ళకు భయపడడం తప్ప ఏం చెయ్యాలో తెలియలేదు, అత్తయ్యకు తెలుసు. ఎర్ర టేపు ఒకటి సంపాదించి బాల్కనీ గడప వెంబడి అతికించింది. నాలుగో అంతస్తులో రెండు గదులు, వంటిల్లు, ఒక బాల్కనీ ఉన్న ఇల్లు అది. ఆ రోజు నుంచి బాల్కనీ వెనక గుమ్మం అయిపోయింది, ఇల్లు వార్డు అయిపోయింది.

బయటి నుంచి ఏ వస్తువు వచ్చినా ముందు బాల్కనీలో దిగాలి. సబ్బు నీళ్ళ టబ్బు ఒకటి, మంచినీళ్ళ టబ్బు ఒకటి. టమాటాలు, బంగాళాదుంపలు, పాల ప్యాకెట్లు, బిస్కెట్ ప్యాకెట్లు, అన్నీ స్నానం చేసి ఎండలో ఆరాకే గీత దాటేవి. పిండి సంచికి కూడా విముక్తి లేదు, దాన్ని తడిగుడ్డతో తుడిచి తుడిచి మీద అచ్చేసిన బొమ్మ పోగొట్టింది. కొత్తగా తెప్పించిన సబ్బును పాత సబ్బుతో కడిగిన ఇల్లు ఊరు మొత్తం మీద అదొక్కటే అయి ఉంటుంది. తలుపు గొళ్ళేలకు, స్విచ్చులకు, కుళాయిలకు రోజూ బ్లీచింగ్ నీళ్ళు. ఆ ఘాటుకు గోడ మీద బల్లి కూడా ఎటో వెళ్ళిపోయింది.

"అమ్మా, నన్ను కూడా నానబెడతావా?" అనేది కూతురు. ఆ పిల్ల ఒక ఫోన్ కంపెనీలో కస్టమర్ల తిట్లు వినే ఉద్యోగం చేస్తుంది. ఇప్పుడా తిట్లు ఇంట్లోనే కూర్చుని వింటోంది.

"గుమ్మం దాటి చూడు, అప్పుడు చెప్తా" అనేది అత్తయ్య.

అసలు చిక్కు వాళ్ళాయనతో. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, పొద్దున లేచింది మొదలు జనం మధ్య బతికిన ప్రాణం. నాలుగు గోడల మధ్య కాలు గాలిన పిల్లిలా తిరిగేవాడు. తిరుగుతూ ఒకటే సణుగుడు. "ఇది ఇల్లా, ఈత కొట్టే చెరువా? ఈ కంపుకి నా ముక్కు ఊడిపోతోందే. వైరస్ వల్ల పోతానో లేదో గానీ నీ బ్లీచింగ్ వల్ల మాత్రం పోతాను." రోజూ ఇదే పాట. అత్తయ్య చెవిన వేసుకునేది కాదు. ఊరికే ఉంటే ఇంకా సణుగుతాడని ఆయనకొక పని అప్పగించింది. బుట్ట దించడం.

కూరల బండి తోసుకుంటూ ఒకామె వీధిలోకి వచ్చేది. పేరు ఎవరూ అడగలేదు, కూరలమ్మాయి అంటే ఆమే. ఆమె కేక వినబడగానే కిటికీలన్నీ తెరుచుకునేవి. ఆయన బాల్కనీ లోంచి తాడు కట్టిన ప్లాస్టిక్ బుట్ట వదిలేవాడు. కూరలమ్మాయి ఎండకు ఓర్చుకోలేక మొదటి అంతస్తు సన్‌షేడు కింద బండి ఆపుకునేది కాబట్టి పైకి ఆమె కనబడేది కాదు. బండి అంచూ, బుట్టలో కూరలు వేసే చెయ్యీ, ఒక గొంతూ. అంతే. డబ్బులు కూతురు ఫోన్‌లో పంపేది. బుట్ట పైకి రాగానే అత్తయ్య కూరలు టబ్బులోకి దింపేది. బుట్టను మాత్రం బాల్కనీ కొక్కేనికే తగిలించేది. మురికి వైపు ఉండే సామానును కడగడం లాండ్రీలో లేదు, అది అక్కడే ఉంటుంది, అక్కడే చస్తుంది.

టీ సంగతి ఎలా మొదలైందంటే, ఒకరోజు ఆ గొంతు బొంగురు పోయింది.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అత్తయ్య పైనుంచే అడిగింది, రెండడుగులు వెనక్కి వేసి మరీ.

"ఒంటికేం అత్తయ్యా, అరిచీ అరిచీ! ఒక్క టీ కొట్టూ తెరవలేదు. గొంతు పిడచగట్టుకుపోయింది."

అత్తయ్య మనసు కరిగింది. గట్టి మనిషే గానీ రాతి మనిషి కాదు. ఆ పూట నుంచి బుట్ట ఖాళీగా దిగడం మానేసింది. టీ పెట్టేది అత్తయ్య. రెండు గ్లాసుల మధ్య పొడుగ్గా తిరగబోసి, పాపం నోరు కాలుతుందని ఉఫ్ ఉఫ్‌మని ఊది, చిన్న ఫ్లాస్కులో పోసి మూత బిగించేది ఆయన. బస్సు డిపోలో నేర్చుకున్న విద్య అది. టీ చల్లార్చడం చేతకానివాడు డ్రైవరే కాదని ఆయన నమ్మకం.

కాసేపటికి కింది నుంచి కేక వచ్చేది. "భలే ఉంది అత్తయ్యా! ప్రాణం లేచొచ్చింది!" ఒకరోజైతే, "ఏమనుకోకండి, రేపట్నించి చక్కెర కాస్త తగ్గించండి" అని కూడా అంది. అత్తయ్య మురిసిపోయింది. మొహమాటం లేకుండా అడిగిందంటే సొంత మనిషి అనుకుందన్నమాటే. మర్నాటి నుంచి చక్కెర తగ్గించింది. మాటల్లో మాటగా కూరలమ్మాయి ఇంటి సంగతులూ తెలిశాయి. ఒకటే గది. ముసలి తల్లికి ఆయాసం, ఊపిరి అందక నోట్లో మందు కొట్టుకుంటూ నెట్టుకొస్తోంది. "నేను ఇంటికి ఏదైనా అంటించుకెళ్తే అమ్మ బతకదత్తయ్యా. అందుకే ఎవరి దగ్గరికీ పోను" అందొకసారి. అత్తయ్య, "మా ఇంటి నుంచి నీకేం భయం లేదమ్మా. ఇక్కడ ఈగ కూడా కాళ్ళు కడుక్కునే వస్తుంది" అని ధీమాగా చెప్పింది.

ఆ మాట తరవాత ఆమెను ఎంత కాల్చుకు తిందో.

ఒక వారం గడిచింది. ఆ వారంలో ఇంట్లో ఒక మార్పు వచ్చింది. ఆయన సణగడం మానేశాడు. అత్తయ్య స్విచ్చులు తుడుస్తున్నా, గచ్చు కడుగుతున్నా నోరెత్తడం లేదు. చివరికి మొగుణ్ణి దారిలో పెట్టానని ఆమె సంబరపడింది. కాస్త నలతగా కనబడుతున్నాడు, అన్నం దగ్గర కెలుకుతున్నాడు. ఇంట్లో కూర్చుంటే ఆకలెలా వేస్తుందిలే అని సరిపెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం కూతురి చెయ్యి తగిలి బ్లీచింగ్ డబ్బా హాల్లో బోర్లా పడింది. ఒక్కసారిగా ఘాటు కమ్మేసింది. కూతురు ముక్కు మూసుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తింది. అత్తయ్యకే కళ్ళు మండి నీళ్ళు కారాయి. ఆయన మాత్రం ఆ మడుగు పక్కనే కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నాడు.

"నాన్నా, లే అక్కణ్ణుంచి! ఆ వాసన ఎలా భరిస్తున్నావు?"

"ఏ వాసన?" అన్నాడాయన.

అత్తయ్య తుడుపు గుడ్డ అక్కడే పడేసింది. వాసన తెలియకపోవడం ఈ జబ్బుకు ఒక గుర్తని టీవీ చూసే ప్రతివాళ్ళకూ తెలుసు. ఆమె వంటింట్లోకి పరిగెత్తి ఉల్లిపాయ కోసి తెచ్చింది. ఆయన ముక్కు కింద పెట్టింది. ఆయన గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. మొహం పాలిపోయింది.

"ఏమీ లేదే" అన్నాడు చిన్నగా.

ముగ్గురికీ పరీక్ష చేశారు, ఆయనొక్కడికే ఉందన్నారు. అప్పుడు గానీ ఆయన నోరు విప్పలేదు. మధ్యాహ్నాలు అత్తయ్య కునుకు తీసినప్పుడు మెల్లగా మేడ మీదికెక్కి, కింది అంతస్తు క్షవరాలతనితో కబుర్లాడి వచ్చేవాడట. ఆ క్షవరాలతనికి జ్వరం తగిలి పది రోజులైందట. ఇంకో రోజైతే అత్తయ్య ఒంటికాలి మీద లేచేది. ఆ రోజు అరవడానికి కూడా ఓపిక లేదు. ఆయన్ని పడగ్గదిలో పెట్టి, బాల్కనీ గడప మీది ఎర్ర టేపు పీకి ఆ గది గడపకు అతికించింది. పాత టేపు సరిగ్గా అంటుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని వేలితో నొక్కుతూ ఉండగా ఆమెకు టీ గుర్తుకొచ్చింది.

ఇన్నాళ్ళూ లోపలికి వచ్చేదాని మీదే కాపలా కాసింది. బయటికి వెళ్ళేది శుభ్రమైనదేనని అనుకుంది. అనుకోవడం కూడా కాదు, ఆ ఆలోచనే రాలేదు. లాండ్రీలో ముందు గుమ్మంలోంచి వెళ్ళేదాన్ని ఎవరు అనుమానిస్తారు? కానీ లాండ్రీలో రెండు గుమ్మాలకూ మధ్య నిప్పులాంటి నీళ్ళతో మిషన్లు ఉండేవి. ఈ ఇంట్లో మధ్యన ఉన్నది ఆయన. ఆ బుట్ట పట్టుకున్నది ఆయన చెయ్యి. ఆ టీ ఊదింది ఆయన నోరు.

"టీ మరుగుతుంది కదమ్మా" అంది కూతురు.

"మరిగాక ఊదాడే!" అంది అత్తయ్య. అని ఏడ్చేసింది.

కూరలమ్మాయికి చెప్పాలి. ముందు ఆ పని. డబ్బులు పంపే నంబరుకు కూతురు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఈసారి ఆ ఫోన్ కట్టేసి ఉంది. పొద్దున ఎలాగూ వస్తుందిగా అనుకున్నారు. పొద్దున రాలేదు. మర్నాడూ రాలేదు. ఇంటికి కావలసినవి ఆసుపత్రి తరఫు వాళ్ళెవరో గుమ్మం ముందు పెట్టి వెళ్తున్నారు. అత్తయ్య వాటిని కడగడం కూడా మర్చిపోయి అలాగే వంటింట్లో పెట్టేసింది. కూతురు అది చూసి భయపడింది, తండ్రికి పరీక్షలో ఉందన్నప్పుడు కూడా అంత భయపడలేదు.

ఆయనకు జ్వరం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. దగ్గు ఉంది, ఆయాసం లేదు. అత్తయ్య తలుపు సందులోంచి భోజనం నెట్టేది, వేలికి తగిలించే మిషన్‌లో అంకె అడిగేది, బాగుందంటే ఊపిరి పీల్చుకునేది. ఆ పక్క నుంచి మనసు కాస్త కుదుటపడగానే ఈ పక్క నుంచి కూరలమ్మాయి గొంతు వినబడేది. ఏ బండి చప్పుడైనా బాల్కనీ లోకి పరుగు. చెత్త బండి. నీళ్ళ బండి. మళ్ళీ చెత్త బండి. ఒకసారి రొట్టెలమ్మే సైకిలతను వెళ్తుంటే ఆపింది.

"బాబూ, కూరలామె రావట్లేదేం?"

"ఆవిడా? వాళ్ళ వీధిలో ఎవరికో వచ్చిందంటమ్మా. ముసలావిణ్ణి ఎవరినో బండిలో వేసుకెళ్ళారన్నారు. ఎవరో ఏంటో సరిగా తెలీదు" అని తొక్కుకుంటూ పోయాడు.

ముసలావిడ. అత్తయ్య బాల్కనీ కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ వీధిలో ముసలమ్మలు ఎంతమంది ఉంటారో, ఆ వైరస్ ఎక్కడి నుంచి అంటిందో ఎవరు చెప్పగలరు? బుద్ధికి ఆ మాట తెలుసు. కానీ మనసు వినలేదు. లాండ్రీలో అన్నేళ్ళు పని చేసి, తన చేతి దుప్పటి వల్ల ఎవరికీ ఏమీ కాలేదని గొప్పగా చెప్పుకున్న మనిషి. ఇప్పుడు ఒక గ్లాసెడు టీతో, అదీ ప్రేమగా పంపిన టీతో, ఊపిరాడని ముసలామెను చంపేసిందా? ఇంట్లో టీ పెట్టడం మానేసింది. ఎవరింట్లోంచైనా ఆ వాసన వస్తే కిటికీ మూసేసేది. లోపల ఒకాయన ఏ వాసనా రావడం లేదని దిగులు పడుతుంటే, బయట ఈమె ఒక్క వాసన భరించలేక చచ్చిపోయేది.

"నువ్వు కావాలని చెయ్యలేదు కదమ్మా" అనేది కూతురు.

"మురికి దుప్పటి కావాలని పంపినా, మర్చిపోయి పంపినా రోగికి ఒకటేనే" అనేది అత్తయ్య.

ఆయన లేచి గదిలో నాలుగడుగులు వేస్తున్న రోజుల్లో ఒక పొద్దున, వీధి మొదట్లో కేక వినిపించింది.

"టమాటాలూ... ఉల్లిపాయలూ..."

అత్తయ్య చెయ్యి నీళ్ళలో ఉంది. తుడుచుకోకుండానే పరిగెత్తింది. బండి ఎప్పటిలాగే సన్‌షేడు కిందికి వచ్చి ఆగింది. అంచు కనబడుతోంది. చెయ్యి కనబడుతోంది.

"అమ్మాయ్! ఎలా ఉన్నావే? మీ అమ్మ ఎలా ఉంది?" గొంతు పగిలిపోయేలా అరిచింది.

"బాగున్నాం అత్తయ్యా! మా వీధి మూసేశారు, బయటికి రానిస్తేగా! ఫోన్ నీళ్ళలో పడి పాడైంది. పక్కింటి అవ్వకి వచ్చింది పాపం, ఆమె కూడా ఇంటికొచ్చేసిందిలెండి. బుట్ట దించండి!"

బాగున్నారట, అత్తయ్య చెవులారా వింది. అంతటితో ఊరుకోవచ్చు. కూతురు వెనకనుంచి సైగ కూడా చేసింది, ఇంక చాలు, చెప్పకు అని. కానీ అనుమానం ఉన్న గుడ్డను మడిచి పెట్టేసి ఊరుకునే రకం కాదు ఆమె. ఇవాళ బాగున్నవాళ్ళు రేపు ఎలా ఉంటారో ఎవరికి తెలుసు? ఆ టీ తాగాక ఎన్నాళ్ళకు బయటపడుతుందో ఎవరికి తెలుసు?

"బుట్ట దించనమ్మా. ముందు నేను చెప్పేది విను" అంది. నాలుగో అంతస్తు నుంచి గుసగుసలాడడం కుదరదు కాబట్టి, వీధి వీధంతా వినేలాగే చెప్పింది. "మా ఆయనకి వచ్చింది. నీకు టీ పంపిన రోజుల్లోనే ఉంది, మాకు తెలీలేదు. ఆ టీ ఆయనే ఊదేవాడు. ఆయన చేత్తోనే దించేవాడు. నువ్వూ మీ అమ్మా పరీక్ష చేయించుకోండి. నన్ను తిట్టుకో, ఏమైనా అనుకో, పరీక్ష మాత్రం చేయించుకో!"

ఎదురింటి కిటికీలు రెండు ఠపీమని మూసుకున్నాయి. బండి అంచు మీద ఉన్న చెయ్యి కదల్లేదు. అత్తయ్య తిట్లకు సిద్ధపడింది. తిడుతుంది. తిట్టాలి కూడా. ఈగ కూడా కాళ్ళు కడుక్కుని వస్తుందని గొప్పలు పోయిన నోటికి ఆ శాస్తి జరగాలి.

కూరలమ్మాయి సన్‌షేడు కింది నుంచి బయటికి వచ్చింది. ఇన్నాళ్ళలో ఆమెను నిండుగా చూడడం అదే మొదలు. పొట్టి మనిషి, మొహానికి గట్టిగా బిగించిన గుడ్డ, చేతులకు పిండి సంచితో కుట్టుకున్న తొడుగులు. తల పైకెత్తింది. ఎండకు కళ్ళు చికిలించింది.

"అత్తయ్యా, కోప్పడనంటే ఒక మాట చెప్తాను."

"చెప్పు."

"ఆ టీ నేను తాగలేదు."

"ఏ రోజు?"

"ఏ రోజూ తాగలేదత్తయ్యా. మోరీలో పారబోసి ఫ్లాస్కు కడిగి పెట్టేదాన్ని. బుట్ట కూడా తుడిచే పట్టుకునేదాన్ని. అమ్మ ఉంది కదా ఇంట్లో... నాకు భయం." గొంతు తగ్గింది. "మీరు అంత ప్రేమగా పంపిస్తుంటే వద్దనడానికి నోరు రాలేదు."

"మరి చక్కెర తగ్గించమన్నావు?"

"అలా అంటే తాగినట్టు నమ్ముతారని!"

అత్తయ్యకు ముందు అరికాలి మంట నెత్తికెక్కింది. అన్ని రోజులు, అంత శ్రద్ధగా, పాలు తమకు తగ్గించుకుని మరీ! చక్కెర కొలత మార్చి మరీ! మోరీలోనా! నోరు తెరిచింది. అప్పుడు ఆ మాటకు అర్థం మెల్లగా లోపలికి దిగింది. ఒక్క చుక్క కూడా ఆ గొంతు దాటలేదు. ఆయన ఊదిన ఊపిరి ఆ ఒక్క గది ఇంటి దాకా పోలేదు. అత్తయ్య బాల్కనీ గచ్చు మీద కూలబడి, కమ్మీకి తల ఆనించి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఊగిపోయింది. జన్మలో ఆమె చేతి టీకి అంత అవమానం జరగలేదు. జన్మలో ఏ మెప్పూ ఆమెకు అంత చల్లగా తగల్లేదు.

"ఏమేవ్, ఏంటా అరుపులు?" పడగ్గది తలుపు వెనక నుంచి ఆయన గొంతు వచ్చింది. "కూరలమ్మాయేనా? ఏమంటోంది?"

"తాగలేదటండీ!" అంది అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ. "ఒక్కరోజు కూడా తాగలేదట!"

"నేను అంత బాగా చల్లార్చి ఇచ్చినా?" అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుని.

కింద కూరలమ్మాయి మళ్ళీ సన్‌షేడు కిందికి పోయింది. "అత్తయ్యా, కోపమొచ్చిందా? ఎండెక్కుతోంది, వేరే వీధులకి పోవాలి. బుట్ట దించుతారా, లేదా?"

అత్తయ్య లేచి కొక్కెం మీది బుట్ట తీసింది. వైరస్ వచ్చినప్పటి నుంచి నీళ్ళు ఎరగని బుట్ట. అల్లిక సందుల్లో మట్టి పట్టుకుని ఉంది. దాన్ని సబ్బు నీళ్ళ టబ్బులో ముంచి, ముంజేతుల దాకా నురగ చేసుకుని తోమడం మొదలుపెట్టింది.

"ఒక్క క్షణం ఉండవే తల్లీ!" అని కిందికి కేకేసింది. "కడిగి పంపిస్తున్నా!"